ఎర్రయ్య రాయికి సిలిండర్ మంజూరు

యుద్ధం భూగోళంలో ఏ మూల జరిగినా, దాని గుణపాఠం మాత్రం చంద్రపూర్‌లో, ఒక సర్కారు భవనంలోని పదకొండో గదిలో, మూడు నకళ్లుగా భద్రమవుతుంది. ఆ గది పేరు పాత, కొత్త యుద్ధాల సరిపోలిక విభాగం.

సముద్రాల అవతల యుద్ధం మొదలైన తొమ్మిదో రోజున ఊళ్లో గ్యాస్ సిలిండర్లు కరువయ్యాయి. వెంటనే విభాగం ఉత్తర్వు జారీ చేసింది: డెబ్బై ఒకటి యుద్ధం నాటి అనుభవమున్న వృద్ధులు ఒక గుణపాఠం నమోదు చేయిస్తే సిలిండర్‌కు ప్రాధాన్యం ఇవ్వబడును (ఒకటికి మించి నేర్చుకున్నవారు కారణం రాతపూర్వకంగా తెలపాలి).

బొగ్గు గనిలో నలభై ఏళ్లు పనిచేసి రిటైరైన ఎర్రయ్యకు గుణపాఠాల మీద మోజేమీ లేదు. ఇంట్లో సిలిండర్ అయిపోయింది. పెరడు లేని ఇల్లు కావడంతో భార్య ఈరమ్మ వంటింట్లోనే ఇటుకలు పేర్చి కట్టెలతో వండుతోంది. ఆమెకు ఆయాసం, పొగ తగిలితే దగ్గు. ఆ దగ్గు వింటుంటే ఎర్రయ్య ప్రాణం ఉసూరుమంటోంది. అందుకే వెళ్లాడు.

ప్రత్యేకాధికారి ఫణికుమార్ కోస్తా నుంచి వచ్చినవాడు, మర్యాదస్తుడు.

"చెప్పండి పెద్దాయనా, అప్పుడేం నేర్చుకున్నారు?"

"ఏం నేర్సుకుంటం సారూ? కిరోసిన్‌కు గంటలకొద్ది లైను. మాకేమో డ్యూటీ. లైన్ల రాయి వెట్టి పోయేది. మేమొచ్చేసరికి మా రాయి ముందటికి జరుగుతుండె."

"ఎవరు జరిపేవారు?"

"ఎనకున్నోడు. మనిషి లేడని ఎవని రాయి ఎవడు తీసెటోడు గాదు."

ఫణికుమార్ ఆ మాటను మూడు నకళ్లుగా రాసుకున్నాడు. మూడో రోజుకల్లా నిబంధనలు వెలువడ్డాయి. ఇకపై లైన్లో మనిషి నిలబడరాదు, రాయి ఉండాలి. రాయి రెండు కిలోలకు తగ్గరాదు, గుండ్రంగా ఉండరాదు (దొర్లి ముందుకు పోయే రాళ్లపై చర్య తీసుకోబడును). రాయికి యాప్‌లో ఫోటో చాలు. యజమానికి వేలిముద్ర తప్పనిసరి.

ఎర్రయ్య రాయి మొదటి ఫోటోకే పాసైంది. బొగ్గు పనిలో అరిగిపోయిన ఎర్రయ్య వేళ్లను మాత్రం మిషను పదిసార్లు నొక్కించుకుని, ఇలాంటి మనిషి లేడని తేల్చింది.

"సిలిండర్ మంజూరైందండీ," అన్నాడు ఫణికుమార్, "మీ రాయికి."

"గది నా రాయే గద సారూ, నాకియ్యుండ్రి."

"మీదేనని రుజువు కాలేదు కదా. రాయే వచ్చి తీసుకుంటే మాకేమీ అభ్యంతరం లేదు."

"ఇంట్ల ముసల్దానికి పొగకు దమ్మాడుతలేదు సారూ! గామె కోసమన్న ఇయ్యుండ్రి."

ఫణికుమార్‌కు నిజంగానే జాలేసింది. జాలిని నమోదు చేసే గడి కోసం ఫారమంతా వెతికాడు, దొరకలేదు. చివరికి రాయిని ఇంటికి తీసుకెళ్లడానికి అనుమతి పత్రం రాసిచ్చాడు.

"సిలిండరేది?" అంది ఈరమ్మ.

"రాయికిచ్చిండ్రు," అన్నాడు ఎర్రయ్య, చంకలోంచి దాన్ని దించుతూ.

ఈరమ్మ మొగుణ్ణీ రాయినీ మార్చి మార్చి చూసి, ఒరిగిపోతున్న పొయ్యికి ఆ రాయినే దన్నుగా పెట్టి అన్నం వండింది.

మర్నాడు విభాగం నుంచి ప్రశాంత్ అనే ఉద్యోగి తనిఖీకి వచ్చాడు. పథకం రాయి ఎక్కడుందని అడిగి, పొగలోంచే దాని ఫోటో తీసుకున్నాడు. పక్కన ఈరమ్మ దగ్గలేక దగ్గుతూ కళ్లు తుడుచుకుంటోంది. ప్రశాంత్ ఆమెను ఒకసారి పరిశీలనగా చూసి, నివేదిక చివరి గడి నింపాడు:

"గత యుద్ధపు గుణపాఠం వంటింటి దాకా చేరింది. లబ్ధిదారు కళ్లలో ఆనందబాష్పాలు."