మామగారికి కొవ్వెక్కువైంది

ఆ రోజు ఉదయం అల్లుడు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళే దారిలో మామగారి రక్తపరీక్ష ఫలితం తీసుకోవాలి, డాక్టరమ్మకు చూపించాలి, సాయంత్రం ఇంటికొచ్చి ఆ పెద్దమనిషి మనసు నొచ్చుకోకుండా, వీలైతే నవ్విస్తూ, విషయం చెప్పాలి. ఇంత తేలిక పనిని చెడగొట్టాలంటే మనిషికి ప్రత్యేకమైన దురదృష్టం ఉండాలి. మన అల్లుడికి అది పుష్కలంగా ఉంది.

మామగారు రైలు గార్డుగా చేసి దిగినవాడు. ఆయన పచ్చజెండా ఊపనిదే బండి కదిలేది కాదు. ఆ దర్జా ఉద్యోగంతో పాటు పోలేదు. భార్య పోయాక చిన్నకూతురి ఇంట్లో ఉంటున్నాడు. కూర రుచి చూడకుండానే దాని మీద ఉప్పు చల్లుకుంటాడు, చెయ్యి కడుక్కోగానే బాల్కనీలో సిగరెట్టు ముట్టిస్తాడు, మిగతా పొద్దంతా పడక్కుర్చీలో కూర్చుని లోకం మీద మండిపడతాడు. అల్లుడంటే మాత్రం ప్రాణం. "నువ్వు అల్లుడివి కాదురా, నా కొడుకువి" అని పదిమందిలో అంటాడు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న అల్లుడు ఆ మాటకు ప్రతిసారీ కరిగి నీరవుతాడు.

డాక్టరమ్మ ఫలితం చూసి పెదవి విరిచింది.

"రక్తంలో కొవ్వు చాలా ఉంది. బీపీ ఎలాగూ ఉండనే ఉందాయె. సిగరెట్టు మానాలి, ఉప్పు తగ్గించాలి, బరువు తగ్గాలి, రోజూ నడవాలి. ఈ మందు ఇవాళే మొదలుపెట్టండి. గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళాలు పూడుకుపోతే ఆపద చెప్పి రాదు." అల్లుడు గుమ్మం దాటుతుంటే మళ్ళీ పిలిచింది. "అన్నట్టు, ఆయనకి కోపం మాత్రం తెప్పించకండి."

సాయంత్రం దాకా ఆగుదామనుకుంటూనే దుకాణం చేరాడు. ఆగలేక అద్దాలు అరగదీసే యంత్రం పక్కనుంచే భార్యకు ఫోను చేశాడు. ఆమె గిన్నెలు తోముతోంది. తడి చేతి వేలితోనే ఫోను నొక్కి స్పీకరులో పెట్టింది. హాల్లో మామగారు పేపరు చదువుతున్నాడు.

"మీ నాన్నకి కొవ్వు బాగా ఎక్కువైంది!" యంత్రం రొదలో అల్లుడు గొంతు చించుకున్నాడు. "ఆ పొగ రోజురోజుకీ పెరిగిపోతోంది! ఇంక చూస్తూ ఊరుకుంటే లాభం లేదు!"

పొగకూ, రోజుకూ మధ్య ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చుకుంటే అతని సొమ్మేం పోయేది? పీల్చుకోలేదు. హాల్లోకి వినబడింది, "పొగరు రోజురోజుకీ పెరిగిపోతోంది" అని. ఆ ముందు మాట కొవ్వాయె. ఇంకేం కావాలి?

మామగారు పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన అరిస్తే ఎవరూ భయపడరు. నోరు మూసుకుంటేనే భయం. కూతురు కూడా విసురుగా ఫోను కట్టేసింది. కన్నతండ్రిని పట్టుకుని అంత మాట అంటాడా, రానీ ఇంటికి అనుకుని ఆమె మళ్ళీ ఫోను చేయలేదు.

సాయంత్రం అల్లుడు మందుల పొట్లం, కాసిని పళ్ళు పట్టుకుని వచ్చాడు. మామగారు బూట్లు వేసుకుని, కాళ్ళ దగ్గర తన పాత ఇనప్పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు.

"దయచేయండి, అల్లుడుగారూ."

ఎప్పుడూ ఒరేయ్ అనే మనిషి గారూ అన్నాడంటే ఇంకొకడైతే గుమ్మంలోంచే వెనక్కి పరుగెత్తేవాడు. అల్లుడి బుర్ర నిండా డాక్టరమ్మ మాటలే ఉన్నాయి.

"భోంచేశారా, మావయ్యగారూ?"

"లేదు. ఈ ఇంటి ఉప్పు ఇక ముట్టను."

అల్లుడి మొహం వెలిగిపోయింది. "ఎంత మంచి మాటన్నారండీ! నేనెలా చెప్పాలా అని పొద్దున్నుంచీ నలిగిపోతున్నా. ఇన్నాళ్ళూ తిన్నది చాలు!"

మామగారి మీసం అదిరింది. "తిన్నది చాలా?"

"చాలండీ. దానికి తోడు బరువొకటి…"

"బరువయ్యానన్నమాట."

"మరి అయ్యారు కదండీ? మీకే తెలియాలి. ఇప్పటికైనా మించిపోయిందేం లేదు, రేపట్నుంచి పొద్దున్నే లేచి బయటికి నడవండి."

"రేపటిదాకా ఎందుకు?" అని ఆయన లేచి పెట్టె పిడి పట్టుకున్నాడు.

"అయ్యయ్యో, మీరు ఎత్తకూడదు! ఇలా ఇవ్వండి, నేను మోస్తాను," అంటూ అల్లుడు పెట్టె లాక్కున్నాడు.

"చూశావుటమ్మా?" అన్నాడు మామగారు కూతురితో. "నా పెట్టె కూడా మీ ఆయనే బయట పెడుతున్నాడు."

ఊరవతలి చివర ఉంటున్న పెద్దకూతురి ఇంటికి నడక మొదలైంది. ముందు మామగారు, చేతులూపుకుంటూ, బాణంలా. వెనక ఇనప్పెట్టెతో అల్లుడు. ఇంటికి తాళం వేసి, ఆ వెనక ఏడుస్తూ కూతురు. ఏం తప్పు జరిగిందో అల్లుడికి ఇప్పటికీ తెలియదు. తెలిసిందల్లా ఒకటే. కోపం రాకూడదన్న మనిషి కళ్ళముందే ఉడికిపోతున్నాడు. అతని తండ్రి ఒక ఉదయం చొక్కా గుండీలు పెట్టుకుంటూ కూలబడి మళ్ళీ లేవలేదు. ఇన్నేళ్ళకు దొరికిన ఈ తండ్రి కూడా పోతాడు, అదీ తన నోటి మూలంగానే పోతాడు. ఆ ఆలోచనకు అతనికి నడివీధిలో బావురుమనాలనిపించింది.

"మావయ్యగారూ, ఆగండి! ఇలాగైతే మీరెన్నాళ్ళో బతకరు!"

పళ్ళ బండి ఆవిడ త్రాసు కింద పెట్టింది. "పెద్దాయన్ని ఇంట్లోంచి గెంటింది చాలక శాపనార్థాలు కూడానా! నీకసలు గుండె ఉందా?"

ఉంది. కానీ దాని సంగతి అప్పటికి ఎవరూ పట్టించుకోలేదు, అతనితో సహా.

పెద్దకూతురు ఉండేది పై అంతస్తులో. లిఫ్టుకు పనిచేయదని అట్ట తగిలించి ఉంది. కదిలే రైలెక్కిన కాళ్ళు కనుక మామగారు రోషంతో మెట్లన్నీ ఎక్కేశాడు. తీరా చూస్తే తలుపుకు తాళం. ఆ కసి కూడా అల్లుడి మీదే తీర్చుకుందామని వెనక్కి తిరిగాడు. అల్లుడు లేడు. కింద ఎక్కడో ఇనప్పెట్టె మెట్ల మీద దొర్లిన చప్పుడైంది.

అల్లుడు మధ్య అంతస్తులో గోడకు చేరబడి ఉన్నాడు. మొహమంతా చెమట, పెదవులు పాలిపోయాయి. ఒక చెయ్యి రొమ్ము మీద ఉంది. రెండో చేత్తో పొట్లం ముందుకు చాచాడు.

"మీ మందు… భోజనం చేశాక వేసుకోండి. రక్తంలో కొవ్వెక్కువైందట… సిగరెట్టు పొగ మానాలట… మిమ్మల్ని కోప్పడనివ్వొద్దంది డాక్టరమ్మ…"

"రక్తంలోనా?" అన్నాడు మామగారు. పొద్దున్నుంచీ విన్న మాటలన్నీ ఒక్కొక్కటే తిరగబడి ఆయన మొహాన కొట్టాయి. మెట్ల మీద మోకాళ్ళూని అల్లుడి తల ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఒరేయ్! కళ్ళు తెరవరా! నా నాయనా, కళ్ళు తెరవరా!"

ఆస్పత్రిలో వైర్లు తగిలించి, రక్తం తీసి చూశాక డాక్టరమ్మ చెప్పింది, గుండెపోటు కాదు, కంగారూ అలసటా కలిసి పడేశాయని. అంతటితో ఊరుకోలేదు.

"మీ నాన్నగారు ఎలా పోయారు?"

"గుండెపోటండీ."

"ఏ వయసులో?"

"నా వయసులోనే."

"మీ పని?"

"కూర్చునే పనే. మధ్యమధ్యలో టీ, బిస్కెట్లు."

"మరి మీరెప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా?"

"మావయ్యగారికి చేయించానండీ."

డాక్టరమ్మ చీటీ మీద ఏదో రాసుకుంది. "సిగరెట్టు?"

"అలవాటు లేదు."

"ఇంట్లో ఎవరైనా తాగుతారా? పక్కవాళ్ళు వదిలిన పొగ పీల్చినా గుండెకి ముప్పే."

రోజూ సాయంత్రం బాల్కనీలో పడక్కుర్చీ పక్కన కూర్చుని, దగ్గుతూ, పాత రైళ్ళ కబుర్లు వినేది అల్లుడే. మామగారు జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి చెత్తబుట్టలో పడేశాడు. అది పడిన చప్పుడుకు తానే ఉలిక్కిపడ్డాడు.

"ఆ పొగ నాదేనమ్మా," అన్నాడు నేల చూస్తూ. "నా ప్రాణానికి భయపడి ఎప్పుడూ మానలేదు. వీడికేమైనా అయితే నేను బతకను."

కొవ్వు పరీక్ష ఫలితం కూడా వచ్చింది. ఎవరి కొవ్వు ఎక్కువని కూతురు కన్నీళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"మీ ఆయనదేనమ్మా. మీ నాన్నగారిని మించిపోయారు."

"ఇనప్పెట్టె లాక్కున్నప్పుడే అనుకున్నాను," అన్నాడు మామగారు. ఇంతలో మళ్ళీ ఏడుపొచ్చి మొహం తిప్పుకున్నాడు.

ఇప్పుడు మామా అల్లుళ్ళిద్దరూ తెల్లవారగానే నడుస్తున్నారు. ఒకరినొకరు నెమ్మది నెమ్మది అని సతాయించుకోవడంతో ఇద్దరికీ బీపీ పెరుగుతోందని డాక్టరమ్మ చెరో వీధీ కేటాయించింది. ఇంట్లో సిగరెట్టు లేదు, వేపుడు లేదు, ఉప్పు డబ్బా ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పరీక్షలన్నీ చేశాక ఆ ఇంట్లో నిక్షేపంగా ఉన్న గుండె కూతురిదొక్కటే అని తేలింది; ఆ చప్పిడి కూర ముద్ద మింగినప్పుడల్లా, ముందుగా ఆగిపోయేది అదేనేమోనని ఆమెకు అనుమానం.