ధవళయ్య సర్వే

ఒక పెద్ద అడవిలో ఎన్నికల ఫలితం వచ్చిన రోజు పొద్దున, ధవళయ్య అనే కొంగకు మేత సహించలేదు. అప్పటిదాకా రాజుగా ఉన్న ఏనుగు ఓడిపోయింది, దుప్పి రాజైంది. ఏనుగు గెలుపు ఖాయమని నెల రోజులుగా అడవంతా చాటింది ధవళయ్యే.

చాటి ఊరుకున్నా బాగుండేది. దుప్పి గెలిస్తే మడుగు మధ్యలో ఉన్న తన బండ దిగిపోతానని నలుగురిలో మాట ఇచ్చేశాడు. ఆ బండ మీద నిలబడితే మెడ చాచినంతలో చేప దొరుకుతుంది. మూడు తరాలుగా వాళ్ల పొట్ట గడుస్తున్నది దాని మీదే.

అసలు ఆయన లెక్క తప్పడానికి వీల్లేదు. అడవిలో సగం ఓట్లు మడుగులోనే ఉన్నాయి. అందుకని బండ మీద ఒంటికాలిపై నిలబడి, పైకి వచ్చిన ప్రతి చేపనూ ఎవరికి వేస్తావని మర్యాదగా అడిగాడు. తమరెవరికి వేయమంటే వాళ్లకేనని కొన్ని అన్నాయి. ఏనుగే మా దేవుడని మిగతావి అన్నాయి. ఇంత ఏకాభిప్రాయం తన జన్మలో చూడలేదని ధవళయ్య మురిసిపోయాడు.

ఏనుగంటే ఆయనకు అభిమానం కూడా. ఏనుగు స్నానానికి దిగితే మడుగంతా బురదై, చేపలు ఊపిరాడక పైకి తేలతాయి. దీన్ని ఆయన తన ఉపన్యాసాల్లో మడుగు అభివృద్ధి అనేవాడు. దుప్పి మాత్రం తాను నీళ్లలో కాలు పెట్టనని, ఒడ్డునే నిలబడి తాగి పోతానని ఒక్క మాట చెప్పి వెళ్లింది. అదీ ఒక హామీయేనా అని ధవళయ్య నవ్వాడు.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. ముందు ఓటర్లకు తెలివి లేదనుకున్నాడు. తర్వాత ఓట్ల గులకరాళ్లు లెక్కపెట్టిన తాబేలు మీద అనుమానపడ్డాడు. మధ్యాహ్నానికల్లా ఈ అడవికి భవిష్యత్తే లేదని తేల్చేశాడు. తను బెంగపడుతున్నది అడవి గురించి కాదు, బండ గురించేనని ఒప్పుకోవడానికి సాయంత్రమైంది.

ఉండబట్టలేక, దూరంగా ఈదుతున్న ఒక ముసలి జెల్లచేపను పిలిచాడు.

"నిన్నేమీ చెయ్యను, నిజం చెప్పవే. అంతా ఏనుగుకే అన్నారుగా, ఇంత మోసం ఎందుకు చేశారు?"

జెల్ల దగ్గరికి రాలేదు. "మోసం కాదు బాబుగారూ. తమరు నన్ను అడిగినప్పుడు మా తమ్ముడు తమరి నోట్లో ఉన్నాడు. వాడి తోక ఇంకా కొట్టుకుంటూనే ఉంది. నన్నేం చెప్పమంటారు?"

ధవళయ్యకు సిగ్గేసింది. బొత్తిగా అలవాటు లేని పని కనుక, మొదట అజీర్తి అనుకున్నాడు. మాట ప్రకారం బండ దిగి, ఒడ్డున బురదలో నత్తలు ఏరుకుంటూ వారం గడిపాడు.

ఎనిమిదో రోజు కొత్త రాజుగారి మంత్రి, కోతి, వెతుక్కుంటూ వచ్చాడు. రాజయ్యాక ఒడ్డున నిలబడి నీళ్లు తాగడం హోదాకు తగినట్టు లేదట. మందతో సహా మడుగులోకి దిగాలని దుప్పిగారి ఆలోచనట. దీని మీద ప్రజలేమంటారో సర్వే చేసి పెట్టాలట.

"నా లెక్క తప్పింది కదయ్యా" అన్నాడు ధవళయ్య, జీవితంలో మొదటిసారి నిజాయితీగా.

"తప్పితేనేం? తమరి లెక్క విని పాత రాజుగారు ఆఖరి రోజు దాకా హాయిగా నిద్రపోయారు. మా రాజుగారికీ ఆ నిద్ర కావాలి. బండ మళ్లీ తమరిదే" అన్నాడు కోతి.

ధవళయ్య ఒక్క క్షణం జెల్ల తమ్ముణ్ణి తలుచుకున్నాడు. తర్వాత బండెక్కి, రెక్కలు సర్దుకుని, మొదట కనబడిన చేపను మర్యాదగా అడిగాడు. దుప్పిగారు మడుగులో దిగడం మా అదృష్టమని అది వణుకుతూ చెప్పింది.

అబద్ధమని ఈసారి ఆయనకు తెలుసు. మడుగంతా రాజుగారి వైపేనని కబురు పంపి, ఆ చేపను మింగాడు.

నీతి: తన తప్పు తెలుసుకున్నవాడు, ఆ తప్పునే ఇంకాస్త నేర్పుగా చేస్తాడు.