ఎవరూ చూడని సత్తెమ్మ రాయి

మానవజాతి చేసిన మొట్టమొదటి తప్పు నిప్పును కనిపెట్టడం కాదు, కనిపెట్టాక దరఖాస్తు పెట్టుకోకపోవడం. అందువల్లే నిప్పు ఎవరిదో నేటికీ తేలలేదు. పక్కింటివాళ్ళు పిడక పట్టుకొచ్చి, దర్జాగా అంటించుకుని పోతున్నారు. ఇలాంటి అరాచకం ఇకముందు జరగరాదని దృఢంగా సంకల్పించిన ప్రభుత్వం జనగామలో పాత తోళ్ళ గోదాము మేడమీద ‘నూతన పరికరాల హక్కుల పరిశీలన ఉపకార్యాలయం’ అని ఒకటి తెరిచింది. (తోళ్ళ వాసన ఇంకా పోలేదు. కొత్తదనాన్ని పసిగట్టడంలో జరిగే ఆలస్యానికి కార్యాలయం వారు దాన్నే కారణంగా చూపేవారు.)

ఆ మేడ మెట్లు ఎక్కిన అభాగ్యుల్లో జఫర్‌గఢ్ హన్మంత్ ఒకడు. అతనికి చెలక భూమి ఉంది, ఊళ్ళో పరువు ఉంది, ఆ పరువుకు తగ్గ మొండితనమూ ఉంది. చెలకలో ఆముదాలు వేసేవాడు. ఆముదం పండించడం తేలికే, ఒలవడమే నరకం. ఎండిన కాయల ముళ్ళు గీరుకుని అతని భార్య సత్తెమ్మ అరచేతులు పంట ఇంటికి చేరింది మొదలు పచ్చిపుండ్లుగా ఉండేవి. కట్టెతో బాదితే గింజ పగిలేది. విసుర్రాయిలో వేస్తే గింజా పొట్టూ కలిసి ముద్దయ్యేవి. ఒకనాడు ఆమె విసిగిపోయి, మొగుడి పాత టైరు చెప్పు అందుకుని కాయలను నేలకేసి రుద్దింది. పొట్టు పొట్టుగా, గింజ గింజగా విడిపోయాయి.

చెప్పు చేత్తోనే పట్టుకుని మొగుడి ముందుకు వచ్చింది. “ఏమయ్యా, గీ చెప్పు ఇసుర్రాయికి తొడిగితె ఎట్లుంటది?” అంది.

(చెప్పు పట్టుకొచ్చిన భార్యను చూసి భర్త పారిపోకుండా ఆలోచనలో పడ్డ సందర్భాలు విజ్ఞాన చరిత్రలో బహు తక్కువ.) హన్మంత్ విసుర్రాయిని బండి మీద వేసుకుని సైకిల్ షాపు జానీమియా దగ్గరికి పోయాడు.

“రాయికి చెప్పు తొడుగుడేంది పటేలా? రేపు గోడకు పైజామ తొడుగుమంటవ్,” అన్నాడు జానీమియా. అంటూనే ఒక లారీ టైరు కోసి, రాయికి కంతలు తొలిపించి, కట్టె మేకులతో రబ్బరును బిగించాడు. పైన కాయలు పోసి తిప్పితే కింద గింజలు చెక్కుచెదరకుండా రాలాయి. ఊరు దానికి సత్తెమ్మ రాయి అని పేరు పెట్టింది. ఆ దసరాకు నాగళ్ళతో పాటు దానికీ పసుపు కుంకుమ పెట్టి, బండి మీద ఎక్కించి, డప్పులతో జమ్మి దాకా ఊరేగించారు. మర్నాటి నుంచి అది ఇంటికి తిరిగి వస్తే ఒట్టు. “సత్తెక్కా, జర రాయియ్యరాదే,” అని ఒకరు, వాళ్ళ ఇంటి నుంచి ఇంకొకరు. అడిగిన పనిముట్టు లేదనడం ఆ ఊళ్ళో అన్నం పెట్టకుండా చుట్టాన్ని పంపడమంత తప్పు. చివరికి జానీమియా పుణ్యాన చాలా ఇళ్ళలో రాళ్ళకు చెప్పులు మొలిచాయి. హన్మంత్ దానికేమీ బాధపడలేదు.

బాధ పెట్టినవాడు జనగామ నూనె మిల్లు భూపాల్ సేటు. ఆముదాలు బేరం చేయడానికి వచ్చి, సత్తెమ్మ వాకిట్లో కూర్చుని, చాయ్ చల్లారిపోయేదాకా రాయి వంకే చూసిపోయాడు. కొన్నాళ్ళకు కబురు తెలిసింది. మిల్లు వెనక తాళం వేసిన షెడ్డులో సేటు అలాంటి రాయినే ఇనుప కాళ్ళ మీద నిలబెట్టాడట. దాని మీద హక్కు కోరుతూ తోళ్ళ మేడలో దరఖాస్తు కూడా పెట్టాడట. హక్కు వస్తే ఆ చుట్టుపక్కల ఇంకెవరూ అలాంటి రాయి తిప్పడానికి లేదు. కాయలు సేటు మిల్లుకే తోలాలి, లేదా చేతులతో ఒలుచుకోవాలి.

సత్తెమ్మ తన అరచేతులు చూసుకుంది. పుండ్లు మానిన చోట చర్మం అప్పుడప్పుడే మెత్తబడుతోంది. “మళ్ళ చేతులతోనేనా?” అని మాత్రం అడిగింది.

“నీ పేరు మీద హక్కు కాగితం తేకుంటె నేను హన్మంత్‌నే గాదు,” అన్నాడు హన్మంత్. (అనకుండా ఉండాల్సింది.)

అతను మేడ ఎక్కేసరికి ఉద్యమం వచ్చింది. జై తెలంగాణ అని ఊరూవాడా లేచిన ఆ రోజుల్లో కార్యాలయం తలుపులు మూసుకుంది. మళ్ళీ తెరుచుకున్నాక లోపల పరిశీలనాధికారి పానకాలరావు గారు ఉన్నారు. ఆయన కోస్తా నుంచి వచ్చిన మర్యాదస్తుడు. ఎవరినీ కసురుకునేవారు కాదు, ఎవరి పనీ చేసేవారు కాదు.

“చూడండీ, రోజులు బాగాలేవు. ముందు స్థానికత తేల్చుకోవాలి. ఈ రాయి స్థానికమేనా?”

“మా గుట్ట రాయే సార్.”

“రబ్బరో?”

“బెజవాడ లారీ టైరు సార్.”

“అదీ సంగతి,” అని ఆయన ‘పైభాగము ముల్కీ, అడుగుభాగము నాన్‌ముల్కీ’ అని నోట్ రాసుకున్నారు. రాస్తున్న చెయ్యి ఎక్కడిదో రాయడానికి ఆ నోట్‌లో చోటు లేదు.

తరువాత ఆయన బీరువాలోంచి ఒక ఎర్ర అట్ట పుస్తకం దించారు. దొరల కాలంలో ఈ దేశంలో ఎవరెవరు ఏమేమి కనిపెట్టారో అందులో ఉంది. హక్కు కావాలంటే వస్తువు కొత్తదై ఉండాలి, అంటే దొరలెవరూ అంతకు ముందే కనిపెట్టి ఉండకూడదు. పంకా లాగే నౌకరు కునికితే నెత్తి మీద నీళ్ళు పోసే యంత్రం, టోపీలో పెట్టుకునే కూజా, గానుగెద్దు తోకకు కట్టి ఈగలు తోలించే విసనకర్ర, అన్నిటికీ హక్కులున్నాయి. ఎద్దు చేతనైనా సరే, ఏ పనీ హక్కు లేకుండా చేయించలేదు దొరలు. ఒక పుటలో రెండెడ్లు ఏటవాలుగా కిందికి దిగుతుంటే బావిలోంచి తోలు సంచి పైకి వస్తున్న బొమ్మ ఉంది.

“సార్, గిది మోట!” అన్నాడు హన్మంత్. “మా తాత తోలిండు. ఆయన తాత గూడ తోలిండు.”

“ఇది ఫలానా దొరగారు కనిపెట్టిన జలోద్ధరణ విధానమండీ. మీ తాతగారు ఎక్కడ తోలారు?”

“జఫర్‌గఢ్‌ల.”

“అప్పుడది నిజాం ఇలాకా కదా! బ్రిటిష్ వారి కార్యాలయానికి జఫర్‌గఢ్ కనబడదు. కార్యాలయం చూడనిదంతా కొత్తదే. ఆ సూత్రం మీదే మనం ఇప్పటికీ నడుస్తున్నాం.” పుస్తకం మూసి, ఆయన ఆప్యాయంగా అడిగారు. “ఇంతకీ మీ రాయిని ఎవరైనా చూశారా?”

హన్మంత్ ముఖం వెలిగిపోయింది. “జూడకేం సార్! ఊరంత జూసింది. దసరకు బండెక్కించి డప్పులతోని ఊరేగించినం!”

పానకాలరావు గారు కలానికి మూత పెట్టేశారు. “అయ్యయ్యో, ఎంత పని చేశారండీ! నలుగురూ చూస్తే అది పాతదైపోదూ? ఇప్పుడు ఒకటే దారి. దరఖాస్తుకు ముందు ఆ రాయిని ఎవరూ చూడలేదని మీ ఊరు ఊరంతా రాసివ్వాలి.”

హన్మంత్ ఆ మాట మోసుకుని ఊరికొచ్చాడు. జఫర్‌గఢ్‌లో మనిషికి మనిషికి మధ్య గట్టు తగాదాలు ఎన్నున్నా, సత్తెమ్మ కోసం అనేసరికి అందరూ జానీమియా షాపు ముందుకు వచ్చి చేరారు. కాగితం మీద మొదటి సంతకం రాయిని తయారుచేసిన జానీమియాదే.

“రాయా? నేనేడ జూసిన? రబ్బరంటెనే తెల్వది నాకు,” అన్నాడు. అతని వెనక పాత టైర్లు నిలువెత్తు ఉన్నాయి.

డప్పు కొట్టినవాళ్ళు తాము ఏ రాయి ముందు కొట్టారో తెలియదని రాసిచ్చారు. బండి తోలినవాడు ముందుకే చూశానని, వెనక ఏముందో ఎరగనని చెప్పాడు. ముసలి ఎల్లక్క ఒక్కతే అడ్డం తిరిగింది.

“నిన్న పొద్దుందాక గా రాయి మీదనే ఇసిరిన. జూడలేదని ఏలుముద్ర ఎట్లేస్తనే?”

“కండ్లు మూసుకోని ఇసిరిన్ననుకో అవ్వా,” అంది సత్తెమ్మ.

ఎల్లక్క ఆముదపు జిడ్డు వేలు కొంగుకు తుడుచుకుని ముద్ర వేసింది. ఆ ఊరి జనం కోర్టులో కూడా అంత ఏకగ్రీవంగా అబద్ధం చెప్పి ఎరగరు. అంతటి ప్రేమ చూసి హన్మంత్‌కు కళ్ళు చెమర్చాయి.

కాగితం చూసి పానకాలరావు గారు కూడా చలించిపోయారు. “భేష్! మీ రాయి కొత్తదనం నిర్ద్వంద్వంగా రుజువైంది. ఇక దానివల్ల ప్రయోజనం ఉన్నట్టు, వాడినవాళ్ళ చేత రాయించుకు రండి.”

“ఎవ్వలు జూడలేదని గిప్పుడేగద సార్ ఇచ్చింది!”

“అవునండీ. చూడకుండా వాడినవాళ్ళ చేతనే రాయించండి.”

అలాంటివాళ్ళ కోసం హన్మంత్ ఏళ్ళ తరబడి తిరిగాడు. ఈ లోపల భూపాల్ సేటు దరఖాస్తు నల్లేరు మీద బండిలా సాగిపోయింది. ఆయన యంత్రం తాళం వేసిన షెడ్డులో ఉంది కాబట్టి దాన్ని ఎవరూ చూడలేదు. లెక్కలు రాసే మునీము ఆయన కొలువులోనే ఉన్నాడు కాబట్టి దానివల్ల మహా ప్రయోజనం ఉందని రాసిచ్చాడు. సంగతి తెలిసి హన్మంత్ మేడ మెట్లు ఒక్క పరుగున ఎక్కాడు.

“సార్, గది మా రాయి! సేటు మా వాకిట్ల కూసోని జూసిపోయిండు. అంతకుముందే ఊరంత జూసింది, ఊరంత తిప్పింది!”

పానకాలరావు గారు విచారంగా ఫైలు తిప్పి చూపించారు. అందులో జానీమియా సంతకం ఉంది, ఎల్లక్క జిడ్డు వేలు ఉంది. “మీ ఊళ్ళో అలాంటి రాయిని ఎవరూ చూడలేదని మీ ఊరే చెప్పిందండీ. ఇంతకన్నా బలమైన సాక్ష్యం సేటు గారు కూడా తేలేకపోయారు.” ఆ సాక్ష్యం ఆధారంగానే హక్కు సేటుకు ఇచ్చారు. అది జఫర్‌గఢ్ చేతిరాత గనక ఎవరూ కాదనలేకపోయారు.

హన్మంత్ బస్సెక్కి ఊరికి బయల్దేరాడు. దొంగ వచ్చి ఎత్తుకుపోతే తిట్టడానికి దొంగైనా ఉంటాడు. తనే ఊరందరి చేతా ముద్రలు వేయించి దొంగ చేతికి అందించాడు. ఇంటికొచ్చి గడపలో కూలబడి, “నీ చేతులు నేనే కోసిన సత్తెవ్వా,” అని ఏడ్చాడు.

సత్తెమ్మ వచ్చి గడపలో అతని పక్కనే కూర్చుంది. తరువాత, “ఊరంత ఏలుముద్రలేసిన కాయిదం గా సార్ దగ్గర్నే ఉన్నదా?” అని అడిగింది. ఉందన్నాడు. “అయితె ఉండనియ్,” అంది.

ఆముదాలు ఇంటికొచ్చే కాలానికి జీపు వచ్చింది. హక్కు లేని రాళ్ళను జప్తు చేయడానికి పానకాలరావు గారు, చూపించడానికి భూపాల్ సేటు దిగారు. సత్తెమ్మ వాకిట్లో కూర్చుని గరగరా రాయి తిప్పుతోంది. పక్కన గింజలు కుప్పగా ఉన్నాయి.

“ఇదేమిటమ్మా?” అన్నారు పానకాలరావు గారు.

“ఏది సార్?”

“ఈ రాయి.”

“ఏ రాయి సార్? మా ఊళ్ళె గసుంటి రాయిని ఎవ్వలు జూడలె. కాయిదం మీ దగ్గర్నే ఉన్నది,” అంది సత్తెమ్మ, తిప్పడం ఆపకుండా.

“కండ్ల ముంగట తిరుగుతుంటె లేదంటదేంది!” అని అరిచాడు సేటు.

“ఉన్నదని నువ్వే చెప్పు సేటూ. ఎప్పటిసంది ఉన్నదో గూడ చెప్పు. నువ్వు మా వాకిట్ల చాయ్ తాగిననాడు ఉన్నదా, లేదా?”

సేటు జీపు వంక చూశాడు. పానకాలరావు గారు మనసులో కూడికలు తీసివేతలు చేసుకున్నారు. రాయి ఉందంటే ఊరి కాగితం అబద్ధం. ఊరి కాగితం అబద్ధమైతే సేటు హక్కు చెల్లదు. సేటు హక్కు చెల్లకపోతే దాని కింద ఉన్న సంతకం ఎవరిది? ప్రభుత్వోద్యోగి తన కళ్ళను అనుమానించవచ్చు గాని తన ఫైలును అనుమానించరాదు. ఆయన కుర్చీ తెప్పించుకుని, సత్తెమ్మ ఇచ్చిన చాయ్ కప్పును రాయి మీదే పెట్టుకుని, ‘అట్టి రాయి ఏదియు కానరాలేదు’ అని రాశారు. చాయ్ తాగడం అయ్యేదాకా సత్తెమ్మ మర్యాదగా రాయి ఆపింది.

అయితే ఆ నివేదికలో ఇంకొక గడి మిగిలిపోయింది: ‘గ్రామమున ఆముదములు ఏ విధముగా ఒలవబడుచున్నవి?’ పానకాలరావు గారు ఎదురుగా ఉన్న గింజల కుప్పను, సత్తెమ్మ మెత్తటి అరచేతులను మార్చి మార్చి చూసి, ‘వాటంతట అవియే’ అని నింపారు.

పై కార్యాలయం వారు ఆ గడి చదివి అపరిమితంగా సంతోషించారు. తనంతట తానే ఒలుచుకునే ఈ అపూర్వమైన ఆముదం రకాన్ని రైతులందరూ వేయాలని జిల్లాలన్నిటికీ ఉత్తర్వులు పంపారు. దాన్ని కనుగొన్న హక్కు పానకాలరావు గారి పేర వెంటనే మంజూరైంది, ఎందుకంటే అంతకు ముందు దాన్ని ఎవరూ చూడలేదు.