సున్నా చుట్టిన తూములు

ఆదివారం పొద్దున్నే ప్రూఫ్‌రీడరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు పడవ కొనేవాడు వచ్చేలోగా చిలుము పట్టిన తూము ఒకటి మార్చాలి. అంతే. పోయిన వారం ఆ పెద్దమనిషి పడవ చుట్టూ తిరిగి, పైన పడ్డ నీళ్ళు బయటికి పోయే ఆ ఒక్క తూముకే వంక పెట్టాడు.

పాతికేళ్ళ నాటి ఆ తెరచాప పడవ అన్నయ్యది. అన్నయ్య పోయి ఆరు నెలలైంది. యార్డులో దిమ్మల మీదున్న దాన్ని ప్రతి ఆదివారం వచ్చి తుడిచిపెడుతున్నది తమ్ముడే. దాన్ని చూస్తే వదినకు దుఃఖం ఆగదని, అమ్మేస్తేనే ఆమెకు మనశ్శాంతి అని తనకు తానే తేల్చేసుకున్నాడు. అడిగితే వదిన సరేనంది. తనకు మాత్రం పడవ పోతే అన్నయ్య రెండోసారి పోయినట్టే. ఆ మాట పైకి అనలేదు.

పానా వేసి ఒక్క తిప్పు తిప్పాడో లేదో, పాత తూము బిస్కెట్టులా విరిగి చేతిలోకొచ్చింది. కొత్తది బిగించి బుద్ధిగా ఇంటికి పోవలసినవాడు పడవ అడుగుకేసి తొంగిచూశాడు. అక్కడ సింకు, ఇంజను నీళ్ళ కోసం పెట్టిన ఆరు తూములు. ఆరింటి చుట్టూ అన్నయ్య ఎర్ర రంగుతో చుట్టిన సున్నాలు. ముప్ఫై ఏళ్ళుగా అచ్చాఫీసులో తప్పు కనబడిన చోటల్లా సున్నా చుట్టే మనిషికి వేరే అర్థం ఎలా తోస్తుంది?

"ఆరూ పాడయ్యాయన్నమాట. మార్చే టైము లేక గుర్తులు పెట్టి వెళ్ళిపోయాడు పాపం," అని కళ్ళొత్తుకుని సుత్తి అందుకున్నాడు.

అవి ఓ పట్టాన ఊడలేదు. పాడైనవి ఇంత గట్టిగా ఎందుకున్నాయన్న అనుమానం రావలసింది. రాలేదు. మోచేయి చీరుకుపోయినా ఆగకుండా అయిదు ఊడగొట్టి, ఆరోదాని మీద సుత్తి ఎత్తేసరికి వదిన టీ ఫ్లాస్కుతో వచ్చింది.

"ఏం చేస్తున్నావయ్యా?"

"అన్నయ్య సున్నా చుట్టినవి తీసేస్తున్నా వదినా."

"అయ్యో! పని పూర్తయితే కదయ్యా ఆయన సున్నా చుట్టేది! మాత్ర వేసుకున్నా క్యాలెండర్లో సున్నా చుట్టేవారు. ఆస్పత్రిలో చేరే ముందు నెలంతా కూర్చుని బిగించినవి ఇవే!"

ప్రూఫ్‌రీడరు సుత్తి కింద పడేశాడు. అన్నయ్య చేసిన ఆఖరి పనిని తన చేతులతో ఊడబెరికాడు. ఏడుద్దామంటే టైము లేదు. గేటు దగ్గర కొనేవాడి స్కూటరు ఆగింది. చొక్కా విప్పి, అయిదు ముక్కలుగా చించి కన్నాల్లో కుక్కి, బనీనుతో నిలబడ్డాడు.

"ఇవేమిటండీ?" అన్నాడు కొనేవాడు.

"గాలి... గాలి ఆడటానికండీ."

"గుడ్డలు కుక్కితే గాలేం ఆడుతుంది?"

ఒక గుడ్డ పీకి, కన్నంలోంచి తొంగిచూసి, కింద పడున్న తూమొకటి తీసి తిప్పితిప్పి చూశాడు. "ఎవరు చేశారో గానీ, చేయి తిరిగిన మనిషి. కంచు కొత్తది. మళ్ళీ నేనే బిగించుకుంటా లెండి. ఆ ఆరోది కూడా విప్పి చూపిస్తే ఇవాళే తీసుకెళ్తా."

బేరం చెడగొట్టాననుకున్నవాడు బేరం కుదిర్చాడు! మరిది పానా పట్టుకుని వంగాడు. తూము అంచున ఎండిపోయిన లప్పంలో అన్నయ్య బొటనవేలి ముద్ర కనబడింది. చెయ్యి కదల్లేదు.

వదిన కూడా వంగి చూసింది. తన బొటనవేలు ఆ ముద్రలో ఆనించి చాలాసేపు తీయలేదు.

"ఇది విప్పం," అంది చివరికి. "పడవా అమ్మం."

కొనేవాడు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. "ఆదివారాలన్నీ దీని చాకిరీకే పోతున్నాయి, నువ్వు వదిలించుకోవాలనుకుంటున్నావనే సరేనన్నానయ్యా," అంది వదిన ముక్కు చీదుతూ.

"మీరు దీన్ని చూడలేకపోతున్నారని నేను..." మరిది పానా కింద పెట్టేశాడు. ఆరు నెలలుగా ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్న ఏడుపంతా ఇద్దరూ ఆ దిమ్మల పక్కనే కూర్చుని ఏడ్చారు.

నీళ్ళలోకి దించితే గ్యారంటీగా మునిగే పడవ ఆ యార్డులో అదొక్కటే. ఎంత అడిగినా అమ్మకానికి లేనిదీ అదొక్కటే.