విశ్వాసమ్మ గదిలో ఊపిరి

శనివారం పొద్దున జయరాజ్ సున్నం బకెట్టు పట్టుకుని తల్లి గది ముందు నిలబడ్డాడు. విశ్వాసమ్మ ఉబ్బసంతో పోయి మూడు నెలలైంది. కల్లూరులోని ఆ ఇంట్లో అప్పటినుంచి ఆయన ఆ గది తలుపు తీయలేదు. ఇవాళ సున్నం కొట్టాలనుకున్నాడు.

గొళ్లెం మీద చెయ్యి వేశాడు. లోపల ఎవరో ఊపిరి తీశారు.

గుడ... గుడ... కాసేపు నిశ్శబ్దం. మళ్లీ గుడ... గుడ. అచ్చం తల్లి చివరి రోజుల్లో పడ్డ ఆయాసమే.

"కృపా! లోపల మాయమ్మ ఆయాసపడతాండాది!"

వంటింట్లోంచి వచ్చిన కృపారాణి ముఖం పాలిపోయింది. దయ్యానికి భయపడి కాదు. మిద్దె మీది తన పందిరి నుంచి అనాబ్ షాహీ, బెంగుళూరు నల్లద్రాక్ష కోసి, నలిపి, చక్కెర కలిపి డ్రమ్ములో వైనుకు పెట్టింది ఆ గదిలోనే. మూతకు సన్నపైపు బిగించి, దాని కొస నీళ్ల సీసాలో ముంచింది. ద్రాక్ష పులిసి పుట్టే గాలి ఆ నీళ్లలో బుడగలై వస్తోంది. ఆ ఊపిరి సీసాది. మొగుడు చూస్తే చర్చి సంఘ పెద్ద, మందు పేరెత్తితేనే మండిపడే మనిషి.

"నాకూ వినపడతాండాదయ్యా. తలుపు తీయొద్దు. అత్త మనసులో ఏదో ఉండాది" అంది.

జయరాజ్ గడప ముందే మోకరించాడు.

"అమ్మా, నీ గొర్రెపిల్లను కుక్కలెత్తుకపోలేదు. నేనే కోయించినా."

లోపల ఊపిరి వేగం పెరిగింది.

"బద్వేలు పెండ్లిలో నేను పడిపోయింది జరమొచ్చి కాదమ్మా. తాగి."

కృపారాణి గిరుక్కున మొగుడి వైపు తిరిగింది.

"నెలనెలా కర్నూలు మీటింగని పోయేదీ... దానికేనమ్మా!"

ఊపిరి టక్కున ఆగింది. "క్షమించినాది" అని గొణిగాడు జయరాజ్, చెమటలు తుడుచుకుంటూ.

లోపల ద్రాక్ష తోలు పైపుకు అడ్డంపడింది, అంతే. ఢామ్మని తలుపు అదిరింది. గడప కింద నుంచి ఎర్రగా, గోరువెచ్చగా ఏదో పారివచ్చి ఆయన మోకాళ్లు తడిపింది.

"రక్తం!"

ఆ కేకకు పక్కింటి రామేశ్వరమ్మ పరుగెత్తుకొచ్చేలోపు కృపారాణి తలుపు తీసింది. డ్రమ్ము మూత ఎగిరి అత్త మంచం మీద పడి ఉంది. గోడలకు ద్రాక్ష తోళ్లు. జయరాజ్ వేలు తడిపి నాలుకకు రాసుకున్నాడు.

"కృపా, ఇది వైను కదే?"

"నీకెట్ల తెలుసు?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏందమ్మా ఇది, ఇంత వాసన?" గుమ్మంలోంచి అడిగింది రామేశ్వరమ్మ.

"ద్రాక్ష పచ్చడి!" మొగుడూ పెళ్లాం ఒక్కసారే అన్నారు.

డ్రమ్ములో మిగిలిన పచ్చడిని రామేశ్వరమ్మ రెండు గ్లాసులు తాగి, బాగుందని చెప్పి వెళ్లిపోయింది.