గీత దాటిన మాత్ర

ఒక పెద్ద అడవిలో వైద్యానికి రెండు శాఖలుండేవి. పైపూత శాఖకు నక్క పెద్ద. మింగే మందుల శాఖకు ఎలుగుబంటి పెద్ద. ఒకదాన్ని చూస్తే ఒకదానికి ఒళ్లుమంట.

ఆ అడవిలో రేల అనే కోతిపిల్లకు ఈడొచ్చింది, దాంతోపాటే ముఖం నిండా మొటిమలూ వచ్చాయి. వాగుడుకాయ అని పేరుపడ్డ పిల్ల కాస్తా ముఖానికి టేకాకు అడ్డం పెట్టుకుని కొమ్మ దిగడం మానేసింది. మచ్చలు ఎప్పటికీ ఉండిపోతాయేమోనని ఏడ్చి ఏడ్చి, చివరికి తెగించి వైద్యానికి వెళ్లింది.

"చర్మం మీద వచ్చింది కాబట్టి ఈ కేసు నాది," అంది నక్క.

"లోపల్నుంచి వచ్చింది కాబట్టి నాది," అంది ఎలుగు.

"మీరిద్దరూ కలిసి చూడకూడదా అండీ?" అంది రేల.

రెండూ దాన్ని ఎగాదిగా చూశాయి. అడవిలో అలాంటి ఆనవాయితీ లేదు మరి.

తగువు సభకెక్కింది. అధ్యక్షత వహించే ఏనుగు చాలాసేపు చెవులూపి, రేల ముఖం మీద సుద్దతో నిలువునా గీత గీయించింది.

"ఎడమ చెంప నక్కగారిది, కుడి చెంప ఎలుగుగారిది. ఒకరి హద్దులోకి ఒకరు రాకూడదు."

"మరి ముక్కు మీద ఉన్నవో, పెద్దాయనా?"

"ముక్కు వివాదంలో ఉందమ్మా. తేలేదాకా ఎవరి ముక్కు జోలికీ ఎవరూ పోకూడదు. ఇది అడవి మొత్తానికీ ఉత్తర్వు."

నక్క ఎడమ చెంపకు పూతమందు ఇచ్చింది, ఎలుగు కుడి చెంపకని మాత్ర ఇచ్చింది. కొన్ని వారాలకు ఎడమ చెంప నున్నబడింది. కుడి చెంప సగమే తగ్గింది. నక్క తనకు తనే సన్మానం ఏర్పాటు చేసుకుంది.

ఎలుగు మండిపడింది. "కడుపులోకెళ్లిన నా మాత్ర ఎడమ చెంపకూ పనిచేసింది. అందులో సగం ఘనత నాది."

"అయితే హద్దు దాటినట్టు ఒప్పుకున్నావన్నమాట," అంది నక్క.

సభ మాత్రను సంజాయిషీ అడిగింది. అది నోరు విప్పకపోవడంతో, ఇకపై దాన్ని కుడి దవడతోనే మింగాలని తీర్మానించింది.

రేలకు విసుగొచ్చింది. ఎవరికీ చెప్పకుండా మాత్ర మామూలుగానే మింగుతూ, పూతమందు రెండు చెంపలకూ ముక్కుకూ రాసుకుని ఓపిక పట్టింది. వానలు మొదలయ్యేసరికి టేకాకు అవతల పారేసింది.

సరిగ్గా అప్పుడే ఏనుగు తొండం మీద నడిమధ్యన ఇంత లావు మొటిమ లేచింది. నీళ్లు పీల్చాలన్నా ప్రాణం పోతోంది.

నక్క చూసి చేతులు కట్టుకుంది. "ముక్కు కదండీ, వివాదంలో ఉంది."

"తమరి ఉత్తర్వే," అంది ఎలుగు. రెండూ ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

ఏనుగు దీనంగా రేలవైపు తిరిగింది. "నీ ముక్కు ఎలా నయమైంది తల్లీ?"

"చెబితే నేరమండీ," అంది రేల, ముఖం దాచుకోకుండా నవ్వుతూ.

నీతి: ఎదుటివాళ్ల ముఖం మీద గీత గీసేముందు మన ముక్కు పొడవెంతో చూసుకోవాలి.