మద్ది బెరడు గోడ

సోమవారం పొద్దున ఝాన్సీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి డాక్టర్ బెన్హర్ గారి గుండె ఆసుపత్రికి వెళ్ళి, ఆదివారం పూర్తయిన గోడకి నాలుగు ఫొటోలు తీసుకోవాలి. సాయంత్రం నాలుగింటికి నరసింగరావు గారొచ్చి ఆ గోడ చూసేదాకా ఇంట్లో కూర్చుని గోళ్ళు కొరుక్కోవాలి. విజయనగరంలో బెన్హర్ గారు కట్టబోయే మూడంతస్తుల కొత్త ఆసుపత్రికి పెట్టుబడి నరసింగరావుదే. గోడ ఆయనకి నచ్చితే మూడంతస్తుల లోపలి పనంతా ఝాన్సీకే ఇస్తారు. నచ్చకపోతే, ఆర్కిటెక్టుగా సొంత బోర్డు కట్టుకున్న రెండేళ్ళలో ఆమె చెప్పుకోవడానికి మిగిలేవి ఒక కారు షెడ్డు, ఒక గోడ.

ఆ గోడ మామూలు గోడ కాదు. రోగులు కూర్చునే హాల్లో ఈ చివర నుంచి ఆ చివరిదాకా చెట్టు బెరడు పలకలు. కలప అడితుల్లో దుంగలు కోసేముందు ఒలిచి పారేసే బెరడు అది. మామూలుగా అయితే పొయ్యిలోకి పోవాల్సిందే. ఝాన్సీ దాన్ని ఏరి, ఆరబెట్టి, బరువులు పెట్టి చదును చేసి, అవిసె నూనె పట్టించి గోడకి బిగించింది. ఒక్క చెట్టు కొట్టించలేదు, ఒక్క గ్రాము ప్లాస్టిక్ వాడలేదు. ఆ సంగతి జనానికి తెలియాలన్న తాపత్రయంతో పక్కన చిన్న బోర్డు కూడా పెట్టింది: “ఇది తెల్లమద్ది చెట్టు బెరడు.” ఆ బోర్డే కొంప ముంచింది.

ఆమె హాల్లో అడుగుపెట్టేసరికి గోడలో అరచెయ్యంత ఖాళీలు నాలుగు కనిపించాయి. అయిదోది తయారవుతోంది. రామతీర్థం నుంచి మొదటి బస్సుకి వచ్చిన లక్ష్మణమ్మ అనే ముసలావిడ తాళంచెవితో బెరడు పెళ్ళగిస్తోంది.

“మామ్మా! ఏటి చేస్తున్నావు?”

“మద్ది సెక్క గుండికి మంచిదమ్మా. కసాయం కాసుకు తాగితే ఆయాసం ఒగ్గేస్తాది. డాట్రుబాబు ఎంత మంచోడో సూడు, మనకి తెలీదని పేరు కూడా రాసి పెట్టినాడు.”

“అది తాగడానికి కాదు మామ్మా. దానికి అవిసె నూనె రాశాం!”

“అవిసి నూనే?” లక్ష్మణమ్మ ముఖం విప్పారింది. “అయితే మోకాళ్ళకీ పనికొస్తాది,” అంటూ ఇంకో ముక్క విరిచింది.

ఆ మాట బెంచీల మీదున్న ముప్పైమందికీ వినబడింది. గుండెజబ్బు ఉన్నంతమాత్రాన మోకాళ్ళ నొప్పులు రాకుండా ఉండవు కదా. టోకెన్ నంబర్లు పిలిచే రూబీ గొంతు చించుకున్నా ఒక్కరూ లోపలికి కదల్లేదు. చివరికి డాక్టర్ బెన్హరే బయటికి వచ్చారు.

“ఏవమ్మా ఝాన్సీ, నా పేషెంట్లు నాకు కాకుండా గోడకి చూపించుకుని వెళ్ళిపోతున్నారు. ఒకాయనైతే బీపీ బిళ్ళలు తిరిగిచ్చేశాడు. నాలుగింటికి నరసింగరావు గారొస్తారు. ఈలోగా ఏదో ఒకటి చెయ్యి.”

ఝాన్సీ బోర్డు మార్చి “ఇది నల్లతుమ్మ బెరడు” అని రాసింది. అబద్ధమే, కానీ గుండెజబ్బు వాళ్ళకి తుమ్మతో పనేముంటుందని ఆమె ధైర్యం. పావుగంటలో పళ్ళు కదిలేవాళ్ళంతా లేచి గోడ దగ్గరికి వచ్చారు. నీళ్ళలో మరిగించి పుక్కిలిస్తే చిగుళ్ళు గట్టిపడతాయట.

విసుగెత్తి బోర్డు పీకి సొరుగులో పడేసింది. అది ఇంకా పెద్ద పొరపాటు. పేరు దాచారంటే అది అల్లాటప్పా మందు కాదని హాల్లో తేలిపోయింది. షుగరు దిగుతుందని ఒకరు, పిల్లలు పుడతారని ఒకరు బంధువులకి ఫోన్లు చేశారు. మధ్యాహ్నం దాటేసరికి, నెల్లిమర్ల జూట్ మిల్లులో పొద్దుటి షిఫ్టు ముగించుకున్నవాళ్ళు రెండు ఆటోల్లో వచ్చి దిగారు. వాళ్ళలో ఒకాయన ఉలీ సుత్తీ కూడా తెచ్చుకున్నాడు.

ఝాన్సీకి ఏడుపొక్కటే తక్కువ. అడితికి పరుగెత్తి, మిగిలిన బెరడు తెచ్చి, మూడింటికల్లా ఖాళీలు పూడ్చి, రెండు చేతులూ చాపి గోడకి అడ్డంగా నిలబడింది. జనం మర్యాదగానే, ఆమె పక్కకి జరిగేదాకా ఎదురు చూస్తున్నారు.

“నానొక మాట సెప్పనా మేడమ్?” అంది రూబీ. “ప్లాస్టిక్ అని రాసీండి. ప్లాస్టిక్‌తో ఎవులూ కసాయం కాసుకోరు.”

ఝాన్సీకి ప్రాణం చివుక్కుమంది. ఏ ప్లాస్టిక్‌ని తప్పించడానికి ఇంత పాటుపడిందో, ఇప్పుడు ఆ పేరే తన చేత్తో రాయాలి. గడియారం చూసింది. పళ్ళ బిగువున “ఇది ప్లాస్టిక్. ముట్టుకోవద్దు” అని రాసి అతికించింది. జనం “ఓస్, ప్లాస్టికేనా” అనుకుని బెంచీల మీదికి వెళ్ళిపోయారు. ఉలి తెచ్చినాయన, వచ్చిన దారి ఖర్చయినా గిట్టుబాటవుతుందని టోకెన్ తీసుకున్నాడు.

నరసింగరావు అరగంట ముందే వచ్చారు. బోర్డు చదివారు. గోడని వేళ్ళతో తట్టారు, వంగి వాసన చూశారు.

“ఇది ప్లాస్టికా?”

హాల్లో నలభైమంది చెవులు రిక్కించారు. కాదంటే ఆ క్షణంలో గోడ ఉండదు. అవునంటే ఇన్నాళ్ళ కష్టాన్నీ తన నోటితోనే కాదన్నట్టు.

“ప్లాస్టికేనండీ,” అంది ఝాన్సీ. సిగ్గుతో తల వాలిపోయింది.

“బాగున్నాదమ్మా! డాక్టరుగారు బెరడు బెరడు అంటంటే, చెద పట్టే సెత్త మనకెందుకు, వద్దని సెప్పీసి పోదామనే వచ్చినాను. ఇదేటి, అచ్చం చెట్టులాగే ఉన్నాది. వాసన కూడా పెట్టించినావు! మూడంతస్తులూ ఇదే ఏసెయ్యమ్మా.”

ముగ్గురూ డాక్టరు గారి గదిలోకి వెళ్ళి తలుపు వేశాక ఝాన్సీ ఉండబట్టలేకపోయింది. పని పోతే పోయిందనుకుని అడితి, అవిసె నూనె, బోర్డులు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేసింది. నరసింగరావు పకపకా నవ్వారు.

“నాకు కతలు సెప్పకమ్మా. ముప్పయ్యేళ్ళ నుంచి ప్లాస్టిక్ పైపుల యాపారం నాది. తట్టి చూస్తే నాకు తెల్దేటి? సరుకు ఎక్కడ కొంటన్నావో సెప్పడం నీకిష్టం లేదు, అంతే కదా? సర్లే, నానడగను.”

డాక్టర్ బెన్హర్ కిటికీలోంచి రోడ్డు వైపు చాలా శ్రద్ధగా చూస్తున్నారు. ఝాన్సీ మూడంతస్తుల కొలతలు రాసుకోవడం మొదలుపెట్టింది.

మర్నాడు సంతకాలయ్యాయి. మూడంతస్తుల బెరడు పని మొత్తానికి ఝాన్సీకే దక్కింది, ప్లాస్టిక్ పేరు మీద.